నియమములు వ్రాసిపెట్టిన క్లబ్బు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములను గూర్చి మాటాడుట ఆచారము. నేడు నేను ఒక ఆటను గూర్చి, ఆ ఆటకై ఏర్పడిన ఒక సంఘమును గూర్చి మాటాడబూనితిని. ఇది వేళాకోళమని తలపవలదు. నేను చెప్పబోవు సంఘము పేరు షెఫీల్డు ఫుట్‌బాల్ క్లబ్బు. ఇది ఇంగ్లండు దేశములో 1857వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన పుట్టినది. ఇతర క్రీడల నీడన గాక, ఫుట్‌బాలు ఆటకొరకే ఏర్పడి, నేటికిని ఆడుచున్న క్లబ్బులలో లోకమునందెల్ల ఇదియే మొదటిదని ఆ క్రీడకు ప్రపంచ పాలక సంస్థయైన ఫీఫా గుర్తించినది. ఈ క్లబ్బు గొప్ప గొప్ప విజయములు సాధించి పేరు పొందినది కాదు. ఒక కాగితము వ్రాసి పేరు పొందినది. ఆ కాగితము చరిత్రయే నేటి నా ప్రసంగము. కాగితమును భద్రపరచుటయే పనిగా గల ఈ మందిరములో దానిని చెప్పుట తగునని నా నమ్మకము.

షెఫీల్డు ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతమునందలి పెద్ద నగరము. కత్తులు, చాకులు, కత్తెరలు, ఉక్కు సామానులు చేయుటలో పూర్వము నుండియు దానికి పేరు. నేడు మన వంటయిండ్లలో త్రుప్పు పట్టని స్టీలు గిన్నెలు లేనిచోటు లేదు గదా! ఆ లోహమును 1913లో హారీ బ్రియర్లీ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో రూపొందించినదియు ఈ షెఫీల్డులోనే. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆ ఊరు కొలుముల పొగతో, సుత్తుల మ్రోతతో నిండియుండెడిది. అట్టి ఊరిలో చదువుకొన్న యువకులు కొందరు వేసవిలో క్రికెట్టు ఆడుచుండిరి. చలికాలము వచ్చినంతనే ఆట ఆగిపోయెడిది. దేహమునకు వ్యాయామము లేక వారికి ప్రొద్దుపోవకుండెను. చలికాలమునకొక ఆట కావలెనన్న సామాన్యమైన కోరికయే ఈ కథకంతటికిని మూలము.

బంతిని కాలితో తన్నుట అప్పటికి క్రొత్త కాదు. ఇంగ్లండు పల్లెలలో పండుగ దినములందు ఊరికి ఊరు రెండు పక్షములై, వీథులలో, పొలములలో, వాగులలో పడి బంతికై పెనుగులాడుట ఎన్నో శతాబ్దములుగా ఉన్నదే. అటుపిమ్మట ఈటన్, హారో, రగ్బీ మొదలగు సంపన్నుల పాఠశాలలలో ఆ ఆట ప్రవేశించినది. కాని ఒక్కొక్క పాఠశాలకు ఒక్కొక్క పద్ధతి. ఒకచోట బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును. మరియొకచోట చేయి సోకరాదు. ఒకచోట ఎదుటివాని ముంగాలిని బూటుతో తన్నుట మగతనము. మరియొకచోట అది దోషము. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ విద్యార్థులు 1848లో ఒక ఉమ్మడి పద్ధతిని ఏర్పరచుకొన ప్రయత్నించిరి గాని, దేశములో అది అంతట వ్యాపింపలేదు.

ఈ చిక్కు మనకు తెలియనిది కాదు. మన చెడుగుడునే తీసికొనుడు. ఒక ఊరిలో కూత విడిచినవాడు బయట కూర్చుండవలెను. వేరొక ఊరిలో మరొక లెక్క. పొరుగూరి వారితో పందెము వేసికొని బరిలో దిగిన పిదప మొదటి కలహము బలము వద్ద రాదు, నియమము వద్దనే వచ్చును. ‘మా ఊరిలో ఇట్లే’ అని వీరందురు. ‘మా ఊరిలో అట్లు కాదు’ అని వారందురు. ఇరువురును నిజమే చెప్పుచుందురు. ఆట మాత్రము ఆగిపోవును.

షెఫీల్డు యువకులలో ఇద్దరు ఈ చిక్కును గ్రహించిరి. ఒకరు నథానియల్ క్రెస్విక్, న్యాయవాది. రెండవవారు విలియం ప్రెస్ట్, ద్రాక్షాసారాయి వర్తకుడు. ఇరువురికిని ఇరువదియైదేండ్లకు అటునిటు వయస్సు. వీరు మిత్రులను కూర్చి క్లబ్బును స్థాపించిరి. ఫ్రెడరిక్ వార్డు అధ్యక్షుడయ్యెను. క్రెస్విక్ కార్యదర్శి పదవిని, కోశాధికారి పదవిని తానే వహించెను. క్లబ్బునకు భవనము లేదు. నగర శివారున పార్క్‌ఫీల్డు హౌస్ అను ఇంటి ఆవరణలో పూలమొక్కలు పెంచుటకు కట్టిన గాజుటిల్లే వారి మొదటి కార్యాలయము. ప్రక్కనున్న బయలే మైదానము. మన గ్రంథాలయములనేకము ఎవరి ఇంటి అరుగు మీదనో, ఏ సత్రపు గదిలోనో పుట్టినవే. అందుచేత గాజుటింటిలో పుట్టిన ఈ క్లబ్బును చూచి మనకు ఆశ్చర్యము కలుగనక్కరలేదు.

మరుసటి సంవత్సరము, అనగా 1858 అక్టోబరులో, వారు కూర్చుండి తమ ఆటకు నియమములు వ్రాసిరి. అంతకుముందు క్రెస్విక్ పెద్ద పెద్ద పాఠశాలలకు జాబులు వ్రాసి, అక్కడి నియమములను తెప్పించి పరిశీలించెనని చెప్పుదురు. అవి ఒకదానితో ఒకటి పొసగకపోగా, తమకు తగిన పద్ధతిని తామే ఏర్పరచుకొనిరి. మొత్తము పదునొకండు నియమములు. ఆట బయలు నడుమ బంతిని తన్నుటతో ఆరంభము కావలెను. కాలితో తన్నిననే గోలు. ఎదుటివానిని చేతితో నెట్టవచ్చును గాని, ముంగాలిపై తన్నరాదు, కాలు అడ్డుపెట్టి పడద్రోయరాదు. బంతిని చేతితో తట్టవచ్చును గాని, పట్టుకొని నిలువరాదు. గాలిలో వచ్చిన బంతిని చక్కగా పట్టినవానికి మాత్రము స్వేచ్ఛగా ఒక తన్ను తన్నుటకు అవకాశము. కడపటి నియమము ముచ్చటైనది. ప్రతి ఆటగాడును ఎఱ్ఱటోపి ఒకటి, ముదురు నీలిటోపి ఒకటి తానే తెచ్చుకొనవలెను. ఒక పక్షమువారు ఒక రంగు టోపీయే ధరింపవలెను. నేడు ప్రపంచమంతట జట్లు వేరువేరు రంగుల చొక్కాలు ధరించి ఆడుటను చూచుచున్నాము. ఆనాడు ఆ పని చేసినది రెండు రంగుల టోపీ.

ఈ నియమములు 1859లో చిన్న పొత్తముగా అచ్చుపడినవి. ఇక్కడ ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలెను. నియమములు నోటిమాటగా ఉన్నంతకాలము అవి ఆ ఊరివారి సొత్తు. పెద్ద గొంతు గలవాని మాటయే నియమము. కాగితము మీదికి ఎక్కిన పిమ్మట అవి ఎవరైనను చదువుకొనదగినవి, ఎవరైనను ప్రశ్నింపదగినవి, మార్పదగినవి. పొరుగూరివాడు ఆ పొత్తమును చదివి, మరునాడు వచ్చి సమానుడుగా ఆటలో నిలువగలడు. అక్షరము చేయు ఉపకారము ఇదియే గదా!

క్లబ్బయితే ఏర్పడినది, నియమములు కుదిరినవి. కాని ఆడుటకు ఎదుటి జట్టేది? సమీపమున వేరొక క్లబ్బు లేకపోయెను. కావున సభ్యులే రెండు పక్షములై ఆడుకొనిరి. పెండ్లియైనవారు ఒక పక్షము, కానివారు మరియొక పక్షము. ఒకనాడు పేరులోని మొదటి అక్షరమును బట్టి వర్ణమాలలో ముందున్నవారు ఒకవైపు, వెనుకనున్నవారు ఒకవైపు. ఈ విధముగా కొంతకాలము గడచిన పిదప, నగరమునకు పడమట మెట్టమీదనున్న హాలమ్ అను చోట 1860లో మరియొక క్లబ్బు ఏర్పడినది. ఆ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన, మంచుపడిన సాండీగేటు మైదానములో, ఈ రెండు క్లబ్బులును తలపడినవి. షెఫీల్డు 2 గోళ్లతో గెలిచినది. హాలమ్‌కు గోలు లేదు. రెండు క్లబ్బుల నడుమ జరిగిన ఫుట్‌బాలు పోటీలలో ఇదియే మొదటిదని చెప్పుదురు. హాలమ్ క్లబ్బు నేటికిని కలదు. ఆ సాండీగేటులోనే ఆడుచున్నది.

నియమములు వ్రాసినంత మాత్రమున మనుష్యులు సాధువులైపోరు. 1862 డిసెంబరు 29వ తేదీన ఈ రెండు జట్లే బ్రామల్ లేను మైదానములో మరల కలిసినవి. ఆ ఆట ఒక పుణ్యకార్యమునకై ఏర్పాటైనది. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండుటచే ఇంగ్లండునకు ప్రత్తి రాక, లాంకషైరు మిల్లులు మూతపడి, నేతపనివారు ఆకలితో అలమటించుచుండిరి. మన దేశపు ప్రత్తికి హఠాత్తుగా గిరాకి పెరిగినదియు ఆ కాలముననే. ఆ పనివారి సహాయనిధికై ఆడిన ఆట నడుమ మాటామాట పెరిగి చేతులు కలిసినవి. క్రెస్విక్‌పైననే దెబ్బ పడినది. అందరును చుట్టుముట్టి, ప్రేక్షకులు కూడ బయలులోనికి దుమికిరి. తరువాత ఇరుపక్షములవారును పత్రికలకు లేఖలు వ్రాసి, తప్పు ఎదుటివారిదేయని వాదించుకొనిరి. దానధర్మమునకై ఆడిన ఆటలో తగవులాడిరని మనము నవ్వవచ్చును. కాని ఒక మాట గమనింపుడు. ఆ తగవుతో క్లబ్బులు మూతపడలేదు. మనుష్యులు పోట్లాడుకొన్నను, కాగితముమీది ఒడంబడిక నిలిచియున్నది. ఆ ఒడంబడిక ఉన్నందుననే మరల ఆడగలిగిరి.

ఇక లండను సంగతి. 1863 అక్టోబరు 26వ తేదీన లండనులోని ఫ్రీమేసన్స్ టావర్న్ అను సత్రమున కొన్ని క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించిరి. డిసెంబరు వరకు ఆరు సమావేశములు జరిగినవి. ఆ సంఘము మొదట తయారుచేసిన చిత్తుప్రతిలో బంతిని చేతబట్టి పరుగెత్తుటకును, ఎదుటివాని కాలు తన్నుటకును అనుమతి ఉండెను. అప్పుడు షెఫీల్డు క్లబ్బు కార్యదర్శి విలియం చెస్టర్‌మన్ తమ నియమావళిని జతపరచి లేఖ వ్రాసెను. సంఘములో చేరుదుమనుచు, ఆ రెండును ఫుట్‌బాలు స్వభావమునకే విరుద్ధములని అందులో తెలియజేసెను. లండను క్లబ్బులలో కూడ అనేకులకు అదే అభిప్రాయము. కడకు ఆ రెండు నియమములును తొలగింపబడినవి. కాలు తన్నుట మానరాదన్న బ్లాక్‌హీత్ క్లబ్బు లేచిపోయినది. చేతితో ఆడు ఆట రగ్బీగా వేరుపడినది. కాలితో ఆడు ఆట నేటి ఫుట్‌బాలు అయినది.

అయినను లండను నియమములు వేరు, షెఫీల్డు నియమములు వేరుగానే కొంతకాలము నడచినవి. 1866 మార్చి 31వ తేదీన లండనులోని బాటర్సీ పార్కులో, లండను నియమముల ప్రకారము, ఈ రెండు పక్షములకును పోటీ జరిగినది. లండనువారే గెలిచిరి. షెఫీల్డువారు బంతిని తలతో కొట్టగా చూచి లండనువారు నవ్విరని ఒక కథ కలదు. ఆ నవ్విన విద్యయే నేడు ప్రతి జట్టునకును అవసరమైన విద్య! 1867లో షెఫీల్డు ప్రాంతపు క్లబ్బులన్నియు కూడి తమ ప్రాంతీయ సంఘమును ఏర్పరచుకొనినవి. 1868లో ఆ సంఘము కార్నర్ కిక్ అను పద్ధతిని తన నియమములలో చేర్చినది. గోలును కాపాడు పక్షము బంతిని తన వెనుకగీత దాటించినచో, ఎదుటిపక్షము మైదానపు మూలనుండి తన్నవలెనన్న నియమమది. 1872లో లండను సంఘము దానిని స్వీకరించినది.

తుదకు 1877లో షెఫీల్డు సంఘము ఒక పెద్ద నిర్ణయము చేసినది. బంతి ప్రక్కగీత దాటినపుడు దానిని విసరు పద్ధతిలో లండను కొంత తగ్గివచ్చినది. ఆఫ్‌సైడు మొదలగు విషయములలో షెఫీల్డు తగ్గినది. తాము ఇరువది సంవత్సరములు పెంచి పోషించిన సొంత నియమావళిని షెఫీల్డువారు మడిచి ప్రక్కనబెట్టి, దేశమంతకును ఒకే నియమావళి ఉండుటకు సమ్మతించిరి. నా దృష్టిలో ఆ నగరపు ఫుట్‌బాలు చరిత్రలో ఇంతకుమించిన ఘట్టము లేదు. ‘మాది మొదటిది గనుక మాదే సరియైనది’ అని వారు పట్టుపట్టియున్నచో ఆట రెండుగా చీలియుండెడిది. తమ మాట నెగ్గుట కంటె ఆట ఒక్కటియై నిలుచుట మేలని వారు తలచిరి. వారి కార్నర్ కిక్ ఉమ్మడి నియమావళిలో నిలిచినది. వారి పేరు మాత్రము దానిమీద లేదు.

ఆ నియమములు ఎంతదూరము నడచినవో మనవారి చరిత్రయే సాక్ష్యము. మన హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. షెఫీల్డు పేరు వినని బాలుడు కూడ మన బడి మైదానములో మూలకు పోయి, బంతిని నేలనుంచి తన్నునప్పుడు, ఆ ఊరివారి నియమమునే పాటించుచున్నాడు.

ఇక క్లబ్బు దశ తిరిగిన విధము చెప్పవలెను. షెఫీల్డు క్లబ్బు సభ్యులు చాలవరకు న్యాయవాదులు, వర్తకులు, కర్మాగారముల యజమానుల కుమారులు. వారికి ఆట వినోదము. పనివారి సంగతి వేరు. ఆటకై ఒకపూట పని మానినచో ఆ పూట కూలి పోవును. కాలు విరిగినచో కుటుంబము పస్తుండును. అందుచే ఆడినందుకు డబ్బు పుచ్చుకొను వాడుక క్రమముగా బయలుదేరినది. 1885లో ఫుట్‌బాల్ అసోసియేషన్ దానిని సమ్మతించినది. షెఫీల్డు క్లబ్బు మాత్రము డబ్బునకు ఆడమని నిలిచినది. ఆ నగరముననే 1867లో ఫుట్‌బాలు ఆరంభించిన వెన్‌స్‌డే క్లబ్బును, 1889లో పుట్టిన యునైటెడ్ క్లబ్బును వృత్తి ఆటగాండ్రతో పెరిగి పెద్దవైనవి. వెన్‌స్‌డే అనగా బుధవారము. బుధవారము ఒకపూట సెలవు దొరకు పనివారు మొదట క్రికెట్టుకై పెట్టుకొన్న సంఘమగుటచే దానికి ఆ పేరు. పెద్ద జట్ల చేత షెఫీల్డు క్లబ్బు ఘోరముగా ఓడజొచ్చినది.

ఈ విషయమున క్లబ్బుదే ధర్మమని నేను చెప్పజాలను. కడుపు నిండినవానికి కూలి అక్కరలేకపోవుట త్యాగము కాదు. పనివానికి కూలి ఇచ్చి ఆడించినవారే ఆటను పేదలకు దగ్గర చేసిరి. కాని తాము నమ్మిన దారిలో క్లబ్బువారు నిలిచిన తీరు మెచ్చదగినది. వారు అలిగి తలుపు మూసికొనలేదు. డబ్బు పుచ్చుకొనని జట్లకు ప్రత్యేకముగా పోటీ ఉండవలెనని సూచించిరి. అమెచ్యూరు కప్పు అను ఆ పోటీ 1893లో ఆరంభమైనది. 1904లో దానిని షెఫీల్డు క్లబ్బే గెలిచినది. ఈలింగు జట్టుపై 3-1 గోళ్ల తేడాతో పొందిన ఆ విజయమే దాని సుదీర్ఘ చరిత్రలో పెద్ద విజయము.

అటుపిమ్మట చిరకాలము క్లబ్బు అజ్ఞాతవాసము చేసినదనవచ్చును. ఒక మైదానము నుండి మరియొక మైదానమునకు మారుచు పోయినది. తుదకు 2001లో, నగరమునకు దక్షిణమున డెర్బీషైరులోని డ్రాన్‌ఫీల్డు అను చిన్న పట్టణమున, ఒక పాత పానశాల వెనుకనున్న మైదానమునకు చేరినది. షెఫీల్డు పేరు పెట్టుకొన్న మొదటి క్లబ్బునకు షెఫీల్డులో చోటు లేకపోవుట విధివిలాసము. దాని ఆటలకు కొన్ని వందలమంది వచ్చినచో గొప్ప. అదే నగరమున పెద్ద క్లబ్బుల ఆటకు వేలకొలది జనము పోవుచుందురు.

లోకము దానిని పూర్తిగా మరచినదని మాత్రము అనరాదు. 2004లో ఫీఫా తన శతవార్షికోత్సవమున ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను గౌరవమును రెండే క్లబ్బుల కిచ్చినది. ఒకటి స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్. రెండవది ఈ చిన్న షెఫీల్డు క్లబ్బు. 2007లో నూటయేబదవ వార్షికోత్సవము జరుగగా, ఇటలీకి చెందిన ఇంటర్ మిలాన్ జట్టు వచ్చి బ్రామల్ లేనులో ఆడినది. బ్రెజిల్ దేశపు మహాక్రీడాకారుడు పెలే ఆ ఉత్సవమునకు అతిథిగా విచ్చేసెను. ఇంటర్ మిలాన్ 5-2 గోళ్లతో గెలిచినది. ఓడిన ఇంటిలోనే ఆనాడు పండుగ!

ఇప్పుడు, నేను మొదట చెప్పిన కాగితము కథ ముగించెదను. పండుగలు గడచును, ఖర్చులు నిలుచును. చిన్న క్లబ్బునకు మైదానము బాగుచేయవలెను, పిల్లలకు ఆట నేర్పవలెను. రాబడి స్వల్పము. 2011 జూలైలో క్లబ్బువారు తమ పెట్టెలోని పాతకాగితములను లండనులోని సోథెబీస్ అను వేలశాలకు పంపిరి. 1858 నాటి నియమముల చేతివ్రాత చిత్తుప్రతి, 1859 నాటి అచ్చు పొత్తము, క్లబ్బు తొలినాటి మినిట్సు పుస్తకములు అందులో ఉన్నవి. ఆ అచ్చు పొత్తమునకు మరియొక ప్రతి ఉన్నట్లు తెలియదు. వేలములో అవి 8,81,250 పౌనులకు అమ్ముడుపోయినవి. ఆనాటి మారకము చొప్పున మన రూపాయలలో ఆరు కోట్లకు పైమాట. కొన్నవారి పేరు బయటపెట్టలేదు.

ఈ వార్త చదివిననాడు నా మనస్సు రెండు విధములుగా పోయినది. తల్లి మెడలోని పుస్తెలు అమ్మి పిల్లలకు అన్నము పెట్టినట్లున్నదని ఒకవైపు బాధ. పెట్టెలోని కాగితము కొరకు ఆట ఆగిపోవుట ఏమి న్యాయమని మరియొకవైపు సమాధానము. ఆ కాగితము వ్రాసినదే ఆట నడుచుటకు. ఆట నడుచుటకే అది ఖర్చయినది. ఇట్లు తలచినచో క్లబ్బువారిని నిందించుటకు నోరు రాదు.

అయినను నా మనస్సులో ఒక ముల్లు మిగిలినది. ఆ కాగితము ఎవరి సొత్తు? క్లబ్బు సభ్యులదా? ఆ ఊరిదా? ఆ నియమములతో ఆడుచున్న లోకమంతటిదా? చట్టము ప్రకారము క్లబ్బుదే. ధర్మము ప్రకారము కొంత అందరిదియు అనిపించును. అమ్ముట తప్పనిసరియైనప్పుడు, ఎవరైనను పోయి చూడదగిన గ్రంథాలయమునకో, వస్తుప్రదర్శనశాలకో అది చేరియుండినచో నా మనస్సు కుదుటపడెడిది. పేరు తెలియని కొనుగోలుదారుని చేతికి పోయిన పుస్తకము, చిరిగిపోకున్నను, మూతపడిన పుస్తకమే. తొలినాటి సభ్యులు ఎవరైనను చదువుకొనుటకై అచ్చువేయించిన దానికి ఇట్టి గతి పట్టుట శోచనీయము.

సోదరులారా, ఈ కథ మనకెందుకు? మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. బీరువాలోని గ్రంథములు పోయినను, ధనమున్నచో మరల కొనవచ్చును. కొనజాలనివి కొన్ని కలవు. మొదటి సభ్యుల చందాల పట్టీ, తొలి కార్యవర్గ తీర్మానములు, ఎవరు ఏ పుస్తకము ఎప్పుడు తీసికొనిరో వ్రాసిన రిజిస్టర్లు. ఇవి వేలములో అమ్మినచో ఎవరును పైసా పెట్టరు. ధర పలుకని వస్తువునకు దొంగభయము లేదు గాని, చెదల భయము కలదు. షెఫీల్డు కాగితములకు ధర వచ్చినది నూటయేబది యేండ్లు ఎవరో ఒకరు వాటిని పారవేయక దాచియుంచుటచేతనే. ఆ దాచినవారిలో అనేకుల పేర్లు ఎవరికిని తెలియవు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నా మనవి ఇంతే. మన తొలి మినిట్సు పుస్తకములకు రెండేసి నకళ్లు తీయింతుము. ఒకటి ఇచ్చట ఎల్లరును చదువుటకు; మరియొకటి వేరొకచోట భద్రముగా ఉండుటకు. మన నియమావళిని ఏటేట సభ్యులందరి ఎదుట చదువుదము. అందులో కాలమునకు సరిపడనిది కనబడినచో, షెఫీల్డువారు 1877లో చేసినట్లు, అభిమానము చంపుకొని మార్చుకొందము.

క్రెస్విక్, ప్రెస్ట్ అనువారు చలికాలములో ప్రొద్దుపోవుటకై ఒక ఆట కోరిరి. అది లోకమును చుట్టివచ్చునని వారు కలలోనైనను తలచియుండరు. మనకు అంత పెద్ద ఫలము అక్కరలేదు. ఈ మందిరము తలుపు సాయంకాలము వేళకు తెరచుకొనుచున్నచో చాలును. లోపలికి వచ్చిన పిల్లవానికి చదువుటకొక పుస్తకము, అది ఇచ్చుటకొక నియమము, ఆ నియమము అందరికిని ఒక్కటే అన్న నమ్మకము దొరకినచో చాలును.